లీకు మాత్రం ఆగింది

భయమంటే తెలియని రోజులు నాకూ కొన్ని ఉండేవని చెబితే ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ నమ్మరు. పాప రెండుసార్లు తుమ్మితే మూడో తుమ్ము కోసం ఊపిరి బిగబట్టి కూర్చుంటాను. పాలసీసాను మూడుసార్లు మరిగించి, మూడోసారి నిజంగా మరిగించానా లేదా అని నాలుగోసారి మరిగిస్తాను. గ్యాస్ కట్టేశానో లేదో చూసుకోవడానికి వికారాబాద్ స్టేషన్ దాకా వెళ్లి వెనక్కి వచ్చిన చరిత్ర నాది. (గ్యాస్ కట్టేసే ఉంది. రైలే వెళ్లిపోయింది.) మా ఆయన దీన్ని జబ్బంటాడు, నేను అనుభవం అంటాను. ఎందుకంటే డిగ్రీ మొదటి ఏడాదిలో, తాండూరులో ఉన్న ఆ రోజుల్లో, నేను దేనికీ వెనకాడని పిల్లను. ఆ పిల్ల ఒక ఆదివారం పొద్దున పది నంబరు పానా పట్టుకుని ఏం చేసిందో రాయాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను. (పాప ఇప్పుడే నిద్రపోయింది. మధ్యలో ఎక్కడైనా వాక్యం తెగినట్టు అనిపిస్తే లేచిందని అర్థం చేసుకోండి.)

మా నాయిన తాండూరు నుంచి బషీరాబాద్‌కు జీపు నడిపేవాడు. సొంత జీపు, నాకన్నా వయసులో పెద్దది. ఆ జీపుల స్టాండులో ఒక పద్ధతి ఉండేది. అక్కడ ఎవరినీ కన్నవాళ్లు పెట్టిన పేరుతో పిలవరు. ఏదో ఒకటి జరగాలి, దాన్నిబట్టి స్టాండే పేరు పెట్టాలి. పెళ్లివాళ్లను తప్పుడు ఊళ్లో దింపి వచ్చినాయన ఎప్పటికీ ‘పెండ్లిపెద్ద’. సీటు కింద పాముందని బండి వదిలేసి పరుగెత్తినాయన ‘నాగన్న’. (అది పాము కాదు, ఊడిన ఫ్యాన్ బెల్టు.) మా నాయినకు రెండు పేర్లుండేవి. బండి నెమ్మదిగా నడుపుతాడని ఒకటి, ‘ఎడ్లబండి’. పొద్దున్నే ఆయిలు, నీళ్లు, బ్రేకు, టైర్లు అన్నీ చూసి, మళ్లీ మొదటి నుంచి చూస్తాడని రెండోది, ‘ఫికరన్న’. (ఫికరంటే దిగులు.) వెక్కిరించడానికి పెట్టినవే. కానీ బాలింతల్ని, ముసలివాళ్లని ఎక్కించడానికి వచ్చినవాళ్లు వరసలో ఉన్న బండ్లన్నీ వదిలి, “ఫికరన్న జీపు యాడున్నది?” అని వెతుక్కునేవాళ్లు. ఆ మాట వినబడితే నాయిన మొహం చూడాలి. మీసాల కింద నవ్వు దాచుకోవడానికి ఊరికే వంగి టైరు చూసేవాడు.

ఆ జీపుకు ఆయిలు కారే జబ్బు పట్టుకుంది. ఇంజన్ నెత్తి మీద టాపెట్ కవర్ అని రేకు మూత ఒకటి ఉంటుంది. దాని అంచు కింద ప్యాకింగ్ అనే బెండు పట్టీ వేసి బోల్టులు బిగిస్తారు. ఆ పట్టీ ఎండి పగిలితే లోపలి ఆయిలు అంచు దాటి చుక్కలు చుక్కలుగా కిందికి దిగుతుంది. ఊరికే దిగితే ఫరవాలేదు గానీ, మా జీపులో అది సరిగ్గా కాలుతున్న సైలెన్సర్ గొట్టం మీద పడి పొగయ్యేది. ఆ పొగ ముందు సీట్లోకి వచ్చేది. ముందు సీట్లో అత్తరు సార్ కూర్చునేవాడు.

అత్తరు సార్ అంటే బషీరాబాద్ వైపు ఒక బడికి హెడ్మాస్టరు. ఆ చుట్టుపక్కల బళ్లలో పనిచేసే టీచర్లు ఎనిమిది మంది నెలవారీగా మా జీపులోనే పోయేవాళ్లు, మా ఇల్లు నడిచేది ముఖ్యంగా వాళ్ల మీదే. వాళ్లందరి తరఫున మాట్లాడేది ఆయనే. ఒక శనివారం సాయంత్రం దిగుతూ దిగుతూ నాయిన భుజం మీద చెయ్యి వేసి, “ఫికరన్నా, నా అత్తరు వాసన నాకే వస్తలేదు. బడికి పోతే పిల్లలు మెకానిక్ వచ్చిండనుకుంటున్నరు. సోమవారం నాటికి గీ కంపు పోవాలె. పోకుంటే మేం వేరే బండి చూసుకుంటం. నారాజు గాకు, ముందుగాల్ల చెప్తున్న” అన్నాడు.

నాయిన ఆ సాయంత్రమే కొత్త ప్యాకింగ్ కొని తెచ్చాడు. తెల్లారేసరికి ఒళ్లు కాలిపోయే జ్వరం. ఎప్పుడూ బండి చూసే ఉస్తాద్, షెడ్డుకు తాళం వేసుకుని సేడం వైపు చుట్టాల పెళ్లికి పోయాడు, మంగళవారం గానీ రాడు. నాయిన రెండు దుప్పట్లు కప్పుకుని ఇంటి ముందు మంచం మీద పడుకుని, ఎదురుగా ఉన్న జీపు వెనక భాగాన్ని జబ్బు మనిషిని చూసినట్టు చూస్తున్నాడు.

“కవరు నేను ఇప్పుత నాయినా” అన్నాను.

“నీకు వస్తదా?”

“ల్యాబుల గాజు గొట్టాలు పట్టెటిదాన్ని, పానా పట్టనా?”

“ఆ గొట్టం పలగ్గొట్టిన్నాడు గూడ గిట్లనే చెప్పినవు” అన్నాడు. కానీ కాసేపు ఆలోచించి, దిండు కింద నుంచి తాళంచెవి తీసి ఇచ్చాడు. ఆ తాళంచెవి ఆయన మా అమ్మకు కూడా ఇచ్చేవాడు కాదు. పళ్లు టకటకలాడుతుంటే మంచం మీది నుంచే పాఠం మొదలుపెట్టాడు. “ముందుగాల్ల డీజిల్ గుడ్డతోని మంచిగ తుడు. ఆరినంక మీదికెళ్లి జర పౌడరు చల్లు, మొహానికి పూసుకునే పౌడరు. స్టార్ట్ చేసి పావుగంట ఉంచు. యాడ తడైతే ఆడ లీకన్నట్టు. మల్ల అంత సాఫ్ చేసినంకనే కవరు ఇప్పు.”

ఇక్కడే నా కథ మలుపు తిరిగింది. ఇంట్లో మొహానికి పూసుకునే పౌడరు ఒక్క డబ్బానే ఉంది, అది నాది. కాలేజీలో ఫంక్షన్ ఉందని దాచుకున్నది, మూత మీది కాగితం కూడా తియ్యలేదు. దాన్ని తీసుకుపోయి ఆయిలు కారే ఇంజన్ మీద చల్లమంటే పద్దెనిమిదేళ్ల పిల్లకు ప్రాణం ఒప్పుతుందా? ఒప్పలేదు. మా ఇంట్లో ఇంకో పౌడరు డబ్బా ఉంది, అంట్లు తోమే బండ దగ్గర. తాండూరు వాళ్లకు చెప్పక్కర్లేదు గానీ మిగతావాళ్ల కోసం చెబుతున్నాను. నాపబండల పాలిష్ మిషన్ల నుంచి వచ్చే బురద ఎండితే బూడిద రంగు పొడి అవుతుంది, మైదాపిండి కన్నా మెత్తన. అమ్మ గిన్నెలు తోమేది దాంతోనే. స్టాండులో నేల మీద ఆయిలు ఒలికితే చల్లేది అదే. నేల మీది ఆయిలును అంత బాగా పీల్చే పొడి ఇంజన్ మీది ఆయిలును పట్టుకోదా అని నా సైన్సు. ఇది ఏ ఊరి పిల్లకైనా తట్టే ఆలోచన కాదు.

రెండు గుప్పిళ్లు చల్లాను. ఇంజన్ పిండిమరలోంచి బయటికి వచ్చినట్టయింది. బండి స్టార్ట్ చేసి చూస్తుంటే పది నిమిషాల్లోనే టాపెట్ కవర్ వెనక మూలన నల్లగా తడి పాకింది. ఎంత స్పష్టంగా కనబడిందంటే, నాకు నేనే డాక్టరునైనట్టు అనిపించింది.

“కనిపిచ్చిందా?” అని దుప్పట్ల లోంచి కేక.

“కనిపిచ్చింది నాయినా, ఎనక మూలకు.”

“బంద్ చెయ్యి. సల్లగైనంక సాఫ్ చెయ్యి. చేసినవా?”

“చేస్తున్న.”

చేశాను కూడా. కాకపోతే అప్పటికే పొడితో నిండిపోయిన పాత గుడ్డతోనే చేశాను. సందుల్లోకి చెయ్యి పోలేదు. పోనిచ్చేంత ఓపికా లేదు. లీకు దొరికిందన్న సంతోషంలో బోల్టులు తిప్పేసి కవరు లేపాను. లేపగానే అంచు మీద మిగిలిన పొడి జలజలా లోపలికి రాలింది. లోపల ఆయిల్లో మెరుస్తున్న ఇనుప భాగాల మీద సన్నటి బూడిద పొర. నేను వంగి, నోటితో ఉఫ్ అని ఊదాను. పోయింది. ఎటు పోయిందో ఆలోచించలేదు.

మిగతా పనంతా నిజంగా బాగా చేశాను. ఈ మాట గొప్పకు అనడం లేదు. అంచుకు అతుక్కున్న పాత బెండును బ్లేడుతో గీకితే రేకు మీద గీతలు పడతాయని నాయిన చెబితే, నా ప్లాస్టిక్ స్కేలుతో గంటసేపు గీకాను. గమ్ పల్చగా పూశాను. కొత్త ప్యాకింగ్ కూర్చోబెట్టాను. “నడుమ నుంచి మొదలువెట్టు. ఎడమదొకటి, కుడిదొకటి. చేతికి బిగువు తెలిసినంక ఇంక కొంచమే. కోపం మీద బిగియ్యకు, ప్యాకింగ్ నలిగిపోతది” అని ఆయన చెబుతూనే ఉన్నాడు. నేను చేస్తూనే ఉన్నాను. సాయంత్రం జ్వరం కాస్త దిగాక నాయిన దుప్పటి కప్పుకునే లేచి వచ్చాడు. బండి స్టార్ట్ చేయించి, కవరు అంచు చుట్టూ వేలితో నెమ్మదిగా తడిమాడు. ఆ వేలిని వెలుతురులో పెట్టి చూసుకున్నాడు. మళ్లీ తడిమాడు. మళ్లీ చూసుకున్నాడు.

“ఒక్క సుక్క లేదు” అన్నాడు. ఆ వేలిని దుప్పటికి తుడుచుకుని, “స్టాండుల ఇప్పుడే చెప్పను. నెల దాటనియ్యి, అప్పుడు చెప్త, నా బిడ్డ కట్టిందని” అన్నాడు. ఫికరన్న కదా, గొప్ప చెప్పుకోవడానికి కూడా నెల గడువు పెట్టుకున్నాడు.

సోమవారం అత్తరు సార్ ముందు సీట్లో కూర్చుని ముక్కు ఎగబీల్చి, “ఇగో, ఇప్పుడొస్తుంది నా వాసన” అన్నాడట. నాయిన ఆ మాటను ఇంటికొచ్చి మూడుసార్లు చెప్పాడు. ఆ వారమంతా మా ఇంట్లో నాకు మర్యాదే వేరు. అంట్లు తోమే పొడి అయిపోయిందని అమ్మ ఒకసారి గొణిగితే, కింద ఒలికిపోయిందని చెప్పాను.

శనివారం, కంది చేల మధ్య, ఎనిమిది మంది టీచర్లతో సహా బండి ఆగిపోయింది. ఆగేముందు ఇంజన్ అడుగు నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు వచ్చిందట. ట్రాక్టరుకు కట్టి ఉస్తాద్ షెడ్డుకు లాక్కొచ్చారు. నాయిన పొద్దున్నుంచి ఏమీ తినలేదని అమ్మ టిఫిన్ డబ్బా ఇచ్చి పంపితే నేను వెళ్లేసరికి షెడ్డులో స్టాండు మొత్తం ఉంది. ఇంజన్ విప్పి ఉంది. ఉస్తాద్ అడుగు తొట్టెలోంచి వేలితో తీసిన ఆయిలు నల్లగా లేదు, బూడిద రంగులో, ఇడ్లీపిండిలా ఉంది.

“లీకు మాత్రం ఆగింది” అన్నాడు ఉస్తాద్, కవరును చేత్తో తిప్పుతూ. “ప్యాకింగ్ మస్తు కూసున్నది. నేను కట్టినా గింత మంచిగ కూసోదు. కాకపోతే కింద ఇంజనే లేదు.” అందరూ నవ్వారు. ఆయన రెండు వేళ్ల మధ్య ఆ ముద్దను నలిపి చూసి నవ్వడం మానేశాడు. “గిది బండ పొడి. ఆరు దినాలు లోపట అరగదీసింది. ఎవరు చల్లిన్రు?”

నేను నోరు తెరిచాను. తెరిచానని ఇవాళ్టికీ నాకు గట్టిగా గుర్తు. నాయిన ఆ ముద్దను చూశాడు, నా వైపు చూశాడు. ఆయన చూపు నా చేతుల దగ్గర ఆగింది. టిఫిన్ డబ్బా పట్టుకున్న నా గోళ్ల సందుల్లో, ఆయిల్లో కలిసి వారమంతా కడిగినా పోని బూడిద రంగు.

“నేనే చల్లిన” అన్నాడు. “పౌడరు దండగెందుకని.”

ఉస్తాద్ వేళ్లను గుడ్డకు తుడుచుకున్నాడు. నిజమైన బాధతో అన్నాడు, “ఇరవై ఏండ్ల సంది నడుపుతున్నవ్. దినాం రెండుసార్లు ఆయిలు చూస్తవ్. గిన్నెలు తోమెటిది తీసుకపోయి ఇంజన్‌ల పోసినవా ఫికరన్నా?”

“ఫికరన్న ఏంది ఉస్తాద్” అన్నాడు వెనక నుంచి పెండ్లిపెద్ద. “పౌడరన్న.”

అంతే. స్టాండు నవ్వింది. నాయిన కూడా నవ్వాడు. ఇరవై ఏళ్లు రోజుకు రెండుసార్లు ఆయిలు చూసి సంపాదించుకున్న పేరు, ఇంజన్‌తో పాటు ఆ షెడ్డులోనే విడివడి ఉండిపోయింది.

ఇంటికి నడిచి వచ్చాం. చాలాదూరం నేను ఏడుస్తూనే ఉన్నాను. రైలు గేటు దగ్గర ఆగాల్సి వచ్చినప్పుడు, “నేనని ఎందుకు చెప్పలేదు నాయినా?” అని అడిగాను.

“స్టాండుల పేరు పడ్డదంటే పోదు బిడ్డా. నువ్వు దినాం గాడికెళ్లే కాలేజీకి పోవాలె. నాకంటావా, ఇప్పటికే రెండున్నయి. మూడోది ఏం బరువు?” గూడ్సు బండి పోయాక అడిగాడు. “నీ పౌడరు డబ్బ అట్లనే ఉన్నదా?”

“ఉన్నది.”

“మంచిది. ఫంక్షన్‌కు పూసుకొని పో.”

ఇంజన్ మళ్లీ కట్టే తాహతు మాకు లేకపోయింది. టీచర్లు వేరే బండి చూసుకున్నారు. జీపును పాత ఇనుము కొనేవాళ్లు తీసుకుపోయారు. నాయిన బండలు మోసే లారీ ఎక్కాడు. పొద్దున పోయి సాయంత్రం వచ్చే మనిషి ఎనిమిది రోజులకో, పది రోజులకో ఒకసారి వచ్చేవాడు. ఇంటి ముందు మంచం గోడకు ఆనించే ఉండేది. నేను స్టాండు ముందు నుంచి పోకుండా సందులన్నీ తిరిగి కాలేజీకి పోయేదాన్ని. అక్కడ ‘పౌడరన్న’ అన్న మాట వినబడుతుందేమోనని. నా భయాల పుస్తకంలో మొదటి పేజీ అదే అనుకుంటాను.

ఆ పేరు లారీల వాళ్లకూ పాకింది. నా పెళ్లిలో మైకు ముందు కూర్చుని చదివింపులు చదివినాయన, “జీపుల స్టాండు, పౌడరన్న దోస్తులు, గోడ గడియారం” అని రెండుసార్లు చదివాడు. మా అత్తమ్మ వంగి, “పౌడరన్న ఎవరమ్మా?” అని నన్నే అడిగింది. తల వంచుకున్నాను. (పెళ్లికూతురు సిగ్గుపడిందనుకున్నారు.) ఇంటికి పోయాక మా ఆయనకు చెబుదామనుకున్నాను. ఇంకోరోజు, ఇంకోరోజు అనుకుంటూ చెప్పలేదు. నాయినే పోయేదాకా ఎవరికీ చెప్పలేదు.

పాపకు అప్పుడు ఐదో నెల. నాయినకు దారిలో గుండెల్లో నొప్పి వచ్చింది. నొప్పి వచ్చిన మనిషి ఏం చేశాడో చూసినవాళ్లు చెప్పారు. లారీని రోడ్డు మీది నుంచి దించి, హ్యాండ్ బ్రేకు లాగి, దిగి, వెనక చక్రం కింద రాయి పెట్టి, అప్పుడు నీడలో కూర్చున్నాడట. కూర్చున్నవాడు లేవలేదు.

పదకొండో రోజు స్టాండు వాళ్లంతా వచ్చారు. జీపులు పోయి చాలామంది ఆటోలకు మారారు, కొందరు ఇంట్లోనే ఉంటున్నారు. ఉస్తాద్ చేతికర్ర పట్టుకుని వచ్చాడు. భోజనాలయ్యాక మాటలు నాయిన మీదికి, అక్కడి నుంచి ఆ రోజు మీదికి వెళ్లాయి. “ఎంత జాగ్రత్త మనిషి, ఆ ఒక్కనాడు ఏమైందో ఏమో” అని ఒకరు, “గిన్నెల పొడి చల్లిండే” అని ఇంకొకరు. తడి కళ్లతోనే నవ్వుతున్నారు. ప్రేమగానే నవ్వుతున్నారు, అది నాకు తెలుసు. కానీ ఆ నవ్వు ఆయన ఫోటో ముందు జరుగుతోంది.

“ఆ పొడి చల్లింది నాయిన కాదు” అన్నాను. “నేను. ఆ దినం నాయినకు జరం. కవరు నేనే ఇప్పి కట్టిన.”

అందరూ నా వైపు చూశారు. పెండ్లిపెద్ద తల అటూ ఇటూ ఊపాడు. “నాయిన మీద పానం గుంజుతుంది బిడ్డకు. పాపం, మీదేసుకుంటుంది.”

“నిజం పెద్దనాయినా. కావాలంటే అడుగున్రి.”

ఉస్తాద్ నిజంగానే అడిగాడు. “బోల్టులు యాడికెళ్లి మొదలువెట్టి బిగిచ్చినవ్?”

“నడుమకెళ్లి. ఎడమదొకటి, కుడిదొకటి.”

“పాత ప్యాకింగ్ దేంతోని గీకినవ్?”

“ప్లాస్టిక్ స్కేలుతోని. బ్లేడైతే రేకు మీద గీతలు పడ్తయని.”

“గమ్?”

“పల్చగ. ఎక్కువైతే లోపటికి ఊడి పడ్తది.”

ఉస్తాద్ కర్ర మీద గడ్డం ఆనించి నన్నే చూశాడు. నమ్మాడనుకున్నాను. ఇన్నేళ్ల తర్వాత ఒక్క మనిషైనా నమ్మాడనుకున్నాను.

“ఇవన్ని నీకు ఎవరు చెప్పిన్రు?” అన్నాడు.

“నాయిన.”

“అగో” అన్నాడు ఆయన అందరివైపు తిరిగి. “చూసిన్రా, బిడ్డకు ఎంత మంచిగ నేర్పిండో. గసుంటోడు, ఆ ఒక్కనాడు పౌడరు కాడ పొరబడ్డడు.”

అందరూ అవునవునన్నారు. నేను ఇంకా ఏదో చెప్పబోతుంటే అమ్మ నా మోచెయ్యి పట్టుకుని లోపలికి తీసుకుపోయింది. పాపను నా ఒడిలో పెట్టి, “ఇడిసిపెట్టు బిడ్డా. వాళ్లు గా పేరు నీకియ్యరు” అంది. అమ్మకు ఎప్పటి నుంచి తెలుసో నేను అడగలేదు.

పోయిన నెల అమ్మను చూడటానికి పాపను తీసుకుని తాండూరు వెళ్లాను. స్టేషన్ బయట షేర్ ఆటో ఎక్కితే డ్రైవరు, యాభై దాటిన మనిషి, ఎవరింటికని అడిగాడు. చిరునామా చెప్పబోయి, ఎందుకో “పౌడరన్న ఇంటికి” అన్నాను. ఆ పేరు నా నోటితో నేను పలకడం అదే మొదటిసారి. ఆయన వెనక్కి తిరిగి చూసి, పక్కన ఎక్కిన ఇద్దరు ఆడవాళ్లకు దారి పొడుగునా కథ చెప్పడం మొదలుపెట్టాడు. ఆయన కథలో జీపు లారీ అయింది. పొగలో అత్తరు సార్ మూర్ఛపోయాడు. పొడి రెండు బస్తాలయింది.

“రెండు బస్తాలు కాదు, రెండు గుప్పిళ్లే” అన్నాను. ఊరుకోలేకపోయాను. లెక్క తప్పితే ఊరుకోలేని జబ్బు నాది.

“నీకెట్ల ఎరుక బిడ్డా?”

పాప చెవులకు గాలి తగలకుండా టోపీ ఇంకొంచెం కిందికి లాగాను.

“నాయిన చెప్పిండు” అన్నాను.

ఆయన తలూపాడు. నాకు నవ్వొచ్చింది. పానా పట్టుకుని బానెట్ మీదికి వంగిన ఆ పిల్ల, ఆటోలో టోపీ సర్దుతూ గుప్పిళ్లు లెక్కపెట్టే ఈ మనిషిని చూస్తే ఎవరో పెద్దావిడ అనుకుని పక్కకు జరిగేది. నేనైతే ఆ పిల్లను గుర్తుపట్టేదాన్ని.